అమ్మాయి కుటుంబం ఉగాండాకు సేవకు వెళ్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: పాస్టరమ్మ గారికి వందనాలు. మా అమ్మాయి, అల్లుడు ఉగాండాలోని జింజాకు మిషనరీలుగా వెళ్లాలని నిర్ణయించుకున్నారు. మనవడికి తొమ్మిదేళ్లు, మనవరాలికి ఐదు. దొరలు మన ఊళ్లకు రావడం విన్నాం గానీ, మనవాళ్లు పిల్లాపాపలతో అలా వెళ్లడం ఎక్కడైనా ఉందా? మీరు అక్కడ ఉండి వచ్చారు కాబట్టి అడుగుతున్నాను. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. – ఒక తల్లి, కావలి

జవాబు: వందనాలమ్మా. మనవాళ్లు వెళ్లారు, అదీ మీ నెల్లూరు నుంచే. 1903లో జాన్ రంగయ్య గారు కుటుంబంతో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లారు. పంపింది దొరల మిషను కాదు, తెలుగు బాప్టిస్టు సంఘాలు సొంతంగా నడుపుకున్న హోం మిషనరీ సొసైటీ. ఈ సంగతి మన సంఘాల్లోనే చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అప్పటికి నలభై ఏళ్లకు పైగా మనవాళ్లు మద్రాసులో ఓడెక్కి ఐదేళ్ల ఒప్పందం మీద నేటాల్ చెరకు తోటలకు కూలికి వెళ్తున్నారు. మొదటి ఏడాది జీతం నెలకు పది షిల్లింగులు. ఒప్పందం తీరాక అక్కడే ఉండిపోవాలంటే ఏడాదికి మూడు పౌండ్ల పన్ను కట్టాలని 1895లో చట్టం తెచ్చారు. పౌండుకు ఇరవై షిల్లింగులు, అంటే ఆరు నెలల కూలి! ఆ కూలీల్లో ఇక్కడే బాప్తిస్మం తీసుకుని వెళ్లినవాళ్లు ఉన్నారు. వాళ్లు తమకో కాపరి కావాలని అడిగాకే రంగయ్య గారు బయల్దేరారు. ఆ ఏడాది చివరికల్లా కియర్స్‌నీ తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. 1915లో చనిపోయేదాకా ఆయన ఆ సేవలోనే ఉన్నారు. తర్వాత ఆయన కుమారుడు కూడా అక్కడే కాపరి అయ్యారు.

అందుకే మీ అల్లుడిని ముందుగా ఒకటే అడగండి: "జింజాలో మిమ్మల్ని రమ్మన్నది ఎవరు బాబూ?" అక్కడి సంఘమే పిలిస్తే మీరు సగం దిగులు వదిలేయవచ్చు. ఎవరూ పిలవకుండా, ఇక్కడ కూర్చుని మ్యాపు చూసి నిర్ణయించుకుంటే మాత్రం ఆగమనండి. ఉగాండాలో క్రైస్తవులే ఎక్కువ. బైబిలు వాళ్లకు కొత్త కాదు. మేము వెళ్లినప్పుడు నేర్పించడం కంటే నేర్చుకోవడమే ఎక్కువ. మా ఆయన ఇంగ్లీషులో ప్రసంగిస్తే, పక్కన ఒక స్థానిక సోదరుడు అక్కడి భాష లుసోగాలో చెప్పేవాడు.

ఆదివారం ఆరాధన ఎలా ఉండేదో చెబుతాను, మీకు కాస్త ధైర్యంగా ఉంటుంది. గుడికి రేకుల కప్పు. వాన పడితే ఆ మోతకు ప్రసంగం ఆపేసి పాటలు అందుకునేవాళ్లం. డబ్బు లేని ఆడవాళ్లు కానుకగా గుడ్లు, అరటిగెల, ఒక్కోసారి కాళ్లు కట్టిన కోడిని తెచ్చి బల్ల ముందు పెట్టేవారు. ఆరాధన అయ్యాక వాటిని బయట చెట్టు కింద వేలం వేసేవారు. అచ్చం మన కోతపండుగే! మా చిన్నవాడు కోడి కోసం పాట పెంచేస్తుంటే, ఒక పెద్దావిడ నవ్వుతూ వాడి చెయ్యి పట్టుకుని కిందికి దించేది. పిల్లలను వాళ్లు అలా సొంతం చేసుకుంటారు.

తిండికి బెంగ పడకండి. పోషో అని మొక్కజొన్న పిండితో చేస్తారు, మన సంకటి తిన్నవాళ్లకు ఇట్టే అలవాటవుతుంది. అన్నం, పప్పు దొరుకుతాయి. జ్వరాల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. అక్కడ మలేరియా ఏడాది పొడవునా ఉంటుంది. పిల్లలకు దోమతెర తప్పనిసరి, జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించి, ఆ సర్టిఫికెట్ పాస్‌పోర్టుతో పాటు ఉంచుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనూ అడుగుతారు.

ఇక జీతం. మాకు తెలిసిన ఒక కుటుంబాన్ని చప్పట్లతో సాగనంపిన సంఘం, రెండో ఏడాదికల్లా డబ్బు పంపడం మానేసింది. పిల్లల ఫీజు కట్టలేక ఆ తల్లి పడిన అవస్థ నేను కళ్లారా చూశాను. నెలకు ఎంత పంపుతారు, ఎన్నేళ్లు పంపుతారు, జబ్బు చేస్తే ఖర్చు ఎవరిది, ఏదైనా జరిగితే వెనక్కి తెచ్చేది ఎవరు అన్నది సంఘం పెద్దల సంతకాలతో కాగితం మీద ఉండాలి. దేవుని పనికి కాగితాలేమిటని ఎవరైనా అంటే తగ్గకండి. ఆ కాగితం మీ మనవళ్ల కోసం.

అమ్మాయితో విడిగా కూర్చుని మాట్లాడండి. భర్త వెళ్తున్నాడని వెళ్తోందా, తనకూ ఆ సేవ చేయాలన్న భారం ఉందా? ఇంటి పని, బడి, స్త్రీల కూడిక, వచ్చిపోయేవాళ్లు, అన్నీ ఆమె మీదే పడతాయి. ఆమెకు మనసు లేకపోతే ఇంకో ఏడాది ఆగినా నష్టం లేదు.

ఇద్దరిదీ ఒకటే మాటైతే పంపండమ్మా. అక్కడ బడులు ఫిబ్రవరి మొదట్లో తెరుస్తారు. మనవడి సీటు సంగతి ఇప్పటి నుంచే చూసుకోమనండి.