త్రీఫేజ్ ఇంటికి సోలార్ పెట్టాక బిల్లు పెరిగింది... కట్టాలా?

ప్రశ్న: మాది కరీంనగర్. సొంత ఇల్లు, త్రీఫేజ్ మీటరు, కాంట్రాక్టెడ్ లోడు (మా కనెక్షన్‌కు మంజూరైన లోడు) 4 కిలోవాట్లు. ఈమధ్య 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. ఇన్వర్టర్ (సోలార్ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) సింగిల్ ఫేజ్‌ది కావడంతో ఒక్క ఫేజుకే కలిపారు. ఏసీ, బోరు మోటారు మిగతా రెండు ఫేజుల మీద నడుస్తాయి. నెట్ మీటరు (లైను నుంచి తీసుకున్నదీ, లైనుకిచ్చిందీ రెండూ లెక్కించే మీటరు) రాకముందే బిగించినవాళ్లు స్విచ్ ఆన్ చేసి వెళ్లిపోయారు. ఆ నెల బిల్లు తగ్గకపోగా బాగా పెరిగింది. కరెంటు ఆఫీసులో అడిగితే త్రీఫేజ్ ఇంటికి త్రీఫేజ్ ఇన్వర్టరే ఉండాలి, తప్పు మీదేనన్నారు. ఇంకో 2 కిలోవాట్లు పెంచుకుంటామంటే ముందు లోడు పెంచుకోండి, ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు కూడా మీరే పెట్టుకోవాలంటున్నారు. మాకేమైనా హక్కులున్నాయా?

జవాబు: ఉన్నాయి. కానీ ముందు ఒక పని చేయండి. నెట్ మీటరు ఇంకా బిగించకపోతే ఈరోజే ఇన్వర్టర్ ఆపేయండి. మీ బిల్లు పెరగడానికి ఒక్క ఫేజుకే కలపడం కారణం కాదు, పాత మీటరుతోనే సోలార్ నడపడం కారణం. మామూలు డిజిటల్ మీటర్లు చాలావరకు, దొంగతనం అరికట్టడం కోసం, కరెంటు ఎటు పారినా వాడకం కిందే లెక్కగట్టేలా తయారవుతాయి. అంటే మీ పైకప్పు మీద పుట్టి లైనులోకి వెళ్లిన ప్రతి యూనిట్‌కూ మీరే డబ్బు కట్టారన్నమాట.

ఇక ఫేజుల సంగతి. మధ్యాహ్నం ఒక గంట చూద్దాం. సోలార్ ఉన్న ఫేజులో మీ వాడకం పోను 2 కిలోవాట్లు బయటికి వెళ్తున్నాయి. ఏసీ ఉన్న ఫేజు 1.5, మోటారు ఉన్న ఫేజు 0.75 కిలోవాట్లు లాగుతున్నాయి. మీటరు మూడు ఫేజులనూ కలిపి లెక్కిస్తే ఆ గంటలో మీరు తీసుకున్నది 0.25 యూనిట్. వేరువేరుగా లెక్కిస్తే తీసుకున్నది 2.25, ఇచ్చింది 2. నెట్ మీటరింగ్‌లో నెలాఖరున ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తారు కాబట్టి అప్పుడూ మిగిలేది 0.25 యూనిటే. నెట్ మీటరింగ్ ఒప్పందం ఉన్నంతవరకు ఏ ఫేజుకు కలిపారన్నది మీ యూనిట్ల లెక్కను మార్చదు. లైనుకిచ్చిన కరెంటుకు వేరే, తక్కువ ధర కట్టే పద్ధతిలో ఒప్పందం రాసుకుంటే మాత్రం తేడా పడుతుంది. అందుకే సంతకం పెట్టేముందు అది ఏ పద్ధతో చదవండి. ఈ ఒక్క కాగితాన్నే చాలామంది చూడకుండా సంతకం చేసి ఇచ్చేస్తారు, నాకు బాధ కలిగించేది అదే.

త్రీఫేజ్ ఇంటికి త్రీఫేజ్ ఇన్వర్టరే ఉండాలన్న మాట సలహాగా మంచిదే. కేంద్ర నిబంధనల్లో మాత్రం అలాంటి షరతు లేదు. ఆఫీసువారు గట్టిగా అంటే ఏ రెగ్యులేషన్, ఏ క్లాజు అని రాతపూర్వకంగా అడగండి. సలహాగా ఎందుకు మంచిదంటే, కేంద్ర విద్యుత్ అథారిటీ 2013 ప్రమాణాల ప్రకారం వోల్టేజీ ఉండాల్సినదానికన్నా 10 శాతం మించితే ఇన్వర్టర్ 2 సెకన్లలో లైను నుంచి విడిపోవాలి. మొత్తం ఒకే ఫేజులోకి తోస్తే ఎండ బాగా ఉన్న వేళే ఆ ఫేజు వోల్టేజీ పెరిగి ఇన్వర్టర్ మాటిమాటికీ ఆగిపోతుంటుంది. మీరు 5 కిలోవాట్లకు వెళ్లేటట్టయితే త్రీఫేజ్ ఇన్వర్టరే తీసుకోండి.

లోడు, ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో చట్టం మీ పక్షాన ఉంది. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు 2020లో వచ్చాయి. వాటికి 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణ ప్రకారం 10 కిలోవాట్ల వరకు ఇంటి పైకప్పు సోలార్ దరఖాస్తు అన్ని విధాలా పూర్తిగా ఉంటే, సాంకేతిక పరిశీలన లేకుండానే ఆమోదం పొందినట్టు లెక్క. అందుకు తగ్గట్టు లోడు పెంచాల్సి వస్తే ఆ పని డిస్కమే (మీకు కరెంటు సరఫరా చేసే పంపిణీ సంస్థే) చేయాలి. 5 కిలోవాట్ల వరకు లైను, ట్రాన్స్‌ఫార్మర్ బలపరిచే ఖర్చూ డిస్కమ్‌దే. మీ పాత 3, కొత్త 2 కలిపినా ఆ హద్దు దాటడం లేదు. బిగింపు పూర్తయినట్టు సర్టిఫికెట్ ఇచ్చాక ఒప్పందం, మీటరు, ప్రారంభం అన్నీ 15 రోజుల్లో ముగియాలి. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుల లెక్కన పరిహారం అడగవచ్చు. దరఖాస్తు ఇచ్చినప్పుడు తేదీ, సంతకంతో రసీదు తీసుకోకపోతే ఈ హక్కులేవీ నిరూపించుకోలేరు.

పెరిగిన బిల్లును అలా వదిలేయకండి, కనెక్షన్ తీసేస్తారు. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 56 కింద 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వకుండా తీయకూడదు. అదే సెక్షన్‌లో మీకు ఉపయోగపడే మాట ఇంకొకటి ఉంది. వివాదం తేలేదాకా బిల్లు మొత్తాన్నో, గడిచిన ఆరు నెలల సగటు ఛార్జీనో, ఏది తక్కువైతే అది, అభ్యంతరం తెలుపుతూ జమ చేస్తే కరెంటు కట్ చేయడానికి వీల్లేదు. మీ విషయంలో తక్కువ వచ్చేది సగటే. అది కట్టి, సెక్షన్ 42(5) కింద ఏర్పడిన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాయండి. లాయరు అక్కర్లేదు. అక్కడ న్యాయం జరగకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ దారి ఇదే.

మీ వాదనలోని లోటూ చెప్పాలి. అనుమతి లేకుండా సోలార్‌ను లైనుకు కలిపారని డిస్కమ్ ఎదురు తిరగవచ్చు. అదే చట్టం సెక్షన్ 126 కింద, అనధికార వాడకానికి ఇంత కట్టాలంటూ తాత్కాలిక అంచనా నోటీసు వస్తే తప్పకుండా గడువులోపు అభ్యంతరం దాఖలు చేయండి. తుది ఉత్తర్వు వస్తే సగం సొమ్ము జమ చేసి 30 రోజుల్లో సెక్షన్ 127 అప్పీలుకు వెళ్లాలి. అలాంటి ఉత్తర్వు మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం కుదరదని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది.

బిగించినవారి మీద మాత్రం వినియోగదారుల కమిషన్‌కు నిక్షేపంగా వెళ్లవచ్చు. నెట్ మీటరు లేకుండా ఆన్ చేయడం సేవా లోపం. పెరిగిన బిల్లు సొమ్ము, ఇన్వర్టర్ ఆపిన రోజుల నష్టం వారినుంచి అడగండి. కొన్న విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. కొటేషన్, చెల్లింపు రసీదులు, వాట్సాప్ సంభాషణలు, ఆన్ చేసిన తేదీ కనిపించే ఇన్వర్టర్ యాప్ స్క్రీన్‌షాట్లు ఇప్పుడే భద్రపరచండి. కొత్త మీటరు బిగించే రోజున బటన్ నొక్కి ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ రీడింగులు రెండూ లైన్‌మన్ ముందే ఫోటో తీసుకోండి, ఆ రెండు అంకెలూ ఒప్పందం కాపీ మీద రాయించి సంతకం పెట్టించుకోండి.