అమెరికాలో బానిసత్వం పోయింది 1863లోనా, 1865లోనా?

మీ పాప హోంవర్క్‌లో ఒకచోట 1863, ఇంకోచోట 1865 ఉందని, ఏది రాయించాలో తేలట్లేదని అడిగారు కదండీ. 1865 రాయించండి. కానీ 1863 కూడా తప్పు కాదు, తేడా తెలిస్తే చాలు.

అధ్యక్షుడు లింకన్ 1863 జనవరి 1న బానిసల విముక్తికి ఇచ్చింది అంతర్యుద్ధకాలపు ఉత్తర్వు. దేశం నుంచి విడిపోతామని తిరగబడిన దక్షిణాది రాష్ట్రాలకే వర్తించింది. బానిసత్వం ఉన్నా యూనియన్‌లోనే, అంటే లింకన్ వైపే, ఉండిపోయిన కెంటకీ, డెలవేర్, మేరీలాండ్, మిస్సోరీలను అది ముట్టుకోలేదు. తిరగబడిన చోట కూడా చాలామందికి యూనియన్ సైన్యం వచ్చాకే స్వేచ్ఛ. టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో జనరల్ గ్రేంజర్ ఉత్తర్వు వెలువడింది 1865 జూన్ 19న, అంటే దాదాపు రెండున్నరేళ్లు ఆలస్యంగా! అదే ఇప్పటి జూన్‌టీన్త్ సెలవు. ఆ ఉత్తర్వు చదివితే నాకు మనసు చివుక్కుమంటుంది: మీరు స్వతంత్రులు అంటూనే, ఉన్నచోటే ఉండి కూలికి పనిచేసుకోండి అని సలహా ఇస్తుంది.

దేశమంతటా చట్టపరంగా ముగించింది 13వ రాజ్యాంగ సవరణ. 1865 డిసెంబరు 6న ఆమోదం పూర్తయింది. కెంటకీ, డెలవేర్‌లలో మిగిలినవాళ్లకి అప్పుడే విముక్తి.

ఒక్కటి మాత్రం పాప చేత తప్పకుండా రాయించండి. ఆ సవరణలో నేరానికి శిక్షగా తప్ప అనే మినహాయింపు ఉంది. దాన్ని పట్టుకునే దక్షిణాది రాష్ట్రాలు నల్లజాతి ఖైదీలను గనులకీ, తోటలకీ అద్దెకిచ్చాయి. టీచర్ అడగకపోయినా సరే, ఆ వాక్యం ఉండాలి.