అమ్మాయి స్టైపెండ్‌లో కోసిన పన్ను తిరిగి వస్తుందా?

ప్రశ్న: మాది బాపట్ల జిల్లాలో ఒక పల్లె. మూడెకరాల పొలం, చిన్న కిరాణా కొట్టు ఉన్నాయి. పీఎం కిసాన్ డబ్బు పడుతోంది. మా అమ్మాయికి 21 ఏళ్లు, బీటెక్ చివరి సంవత్సరం. 2025 అక్టోబరు నుంచి 2026 మార్చి దాకా హైదరాబాద్‌లో ఇంటర్న్‌షిప్ చేసింది. స్టైపెండ్ నెలకు రూ.25,000 అన్నారు, చేతికి రూ.22,500 ఇచ్చారు. వాళ్ల తాతయ్య ఆమె పేరున వేసిన రూ.3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా ఉంది. కోసిన డబ్బు వెనక్కి వస్తుందా? రిటర్న్ వేస్తే అమ్మాయి ఆదాయం నా ఆదాయంలో కలుస్తుందా? ఊళ్లో కొందరు రిటర్న్ జోలికి వెళ్తే పథకాలు పోతాయని భయపెడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: వస్తుంది. ఆరు నెలలకు కోసింది రూ.15,000. అది మొత్తం మీ అమ్మాయి డబ్బే, వదులుకోకండి.

కంపెనీ కోసింది టీడీఎస్. ఫీజుగా ఇచ్చే సొమ్ములో, ఎదుటివాళ్లకు పన్ను పడుతుందా లేదా అని చూడకుండా, 10 శాతం ముందే పట్టుకుని ప్రభుత్వానికి జమ చేస్తారు. అసలు పన్ను ఉందో లేదో తేలేది రిటర్న్‌లోనే. మీ అమ్మాయి లెక్క చూద్దాం. స్టైపెండ్ లక్షన్నర. డిపాజిట్ మీద 7 శాతం వడ్డీ అనుకున్నా మరో 21 వేలు. మొత్తం రూ.1,71,000. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో రూ.4 లక్షల దాకా, పాత విధానంలో రూ.2.5 లక్షల దాకా పన్నే లేదు. ఎటు చూసినా సున్నా. ఇంత తక్కువ ఆదాయానికి రిటర్న్ వేసి తీరాలనీ లేదు. అయితే వేయకపోతే ఆ 15 వేలు ప్రభుత్వం తనంతట తాను తిరిగి ఇవ్వదు. (ఏడాదిలో కోత రూ.25,000 గానీ అంతకు మించి గానీ ఉంటే మాత్రం ఆదాయం ఎంత తక్కువైనా రిటర్న్ తప్పనిసరి.)

ఇక మీ ఆదాయంలో కలపడం గురించి. రేషన్ కార్డు ఇంటికి ఒకటి, పాన్ కార్డు మనిషికి ఒకటి. కూతురు మీ సంపాదన మీద చదువుకుంటున్నా, మేజర్ అయ్యాక ఆమె ఆదాయం ఆమెదే. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 64(1ఎ) ప్రకారం తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవారి లెక్కలో కలిసేది మైనర్ బిడ్డ ఆదాయం. అందులోనూ సొంత కష్టంతోనో ప్రతిభతోనో సంపాదించింది కలవదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చినా, మీరు అడిగిన ఏడాదికి ఈ పాత చట్టమే వర్తిస్తుంది.

తాతయ్య ఇచ్చిన 3 లక్షలు దగ్గరి బంధువు ఇచ్చిన బహుమతి కిందికి వస్తాయి కాబట్టి వాటి మీద పన్ను లేదు. డిపాజిట్ మీద వచ్చే వడ్డీని మాత్రం అమ్మాయి ఆదాయంగా చూపాలి. మన ఇళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. మామగారు కోడలికి ఉచితంగా డబ్బిచ్చి డిపాజిట్ వేయిస్తే దాని వడ్డీ ఆయన ఆదాయంలోనే కలుస్తుంది. మేజర్ అయిన కూతురికో మనవరాలికో ఇస్తే కలవదు.

పథకాల భయం నాకు అర్థమవుతుంది. ఈ భయంతోనే పిల్లల డబ్బు వదిలేసుకున్న తల్లిదండ్రులను చూశాను, చూసిన ప్రతిసారీ బాధ కలుగుతుంది. పీఎం కిసాన్‌కు అనర్హులు కిందటి మదింపు సంవత్సరంలో ఆదాయపు పన్ను కట్టినవారు. రిటర్న్ వేయడం వేరు, పన్ను కట్టడం వేరు. మీ అమ్మాయి కట్టాల్సింది సున్నా. పైగా ఆ పథకంలో కుటుంబమంటే భర్త, భార్య, మైనర్ పిల్లలే. 21 ఏళ్ల కూతురు ఆ లెక్కలోకే రాదు. ఇంకో మాట. రిటర్న్ వేయనంత మాత్రాన ఆదాయం దాగదు. కంపెనీ టీడీఎస్ లెక్క దాఖలు చేయగానే అది ఆమె పాన్ మీదికి ఎక్కుతుంది. పన్ను లేదని చూపించే కాగితం ఆ రిటర్నే. రిటర్న్ పరిశీలించి ఆదాయపు పన్ను శాఖ పంపే 143(1) ఇంటిమేషన్‌ను ప్రింట్ తీసి దాచండి. సచివాలయంలో ఎవరైనా అడిగితే అదే చూపండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కుటుంబ ఆదాయం చూస్తారు కాబట్టి, ఇకపై ఆదాయ ధ్రువీకరణ పత్రం తీసుకునేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అక్కడ దాస్తే నేనే కాదు, ఎవరూ కాపాడలేరు.

రిటర్న్ ఏప్రిల్‌లోనే వేసేయాలని తొందరపడకండి. జనవరి నుంచి మార్చి దాకా కోసిన టీడీఎస్ లెక్క దాఖలు చేయడానికి కంపెనీకి మే 31 దాకా గడువుంది. జూన్‌లో అమ్మాయి పాన్‌తో ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లోకి వెళ్లి, పాన్ మీద జమైన పన్ను లెక్క చూపే ఫారం 26ఏఎస్ తెరవండి. కంపెనీ పేరు కింద 25,000, దాని పక్కన 2,500 అని ఆరు వరసలు కనిపించాలి. ఒక్కటి తగ్గినా ముందు కంపెనీ హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టించి సరిచేయించండి. టీడీఎస్ కోసినట్టు కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ ఫారం 16ఎ కూడా అడగండి. ఆ వరసల్లో సెక్షన్ ఏముందో చూడండి. 194జె అని ఉంటే కంపెనీ దాన్ని జీతంగా కాక వృత్తి ఫీజుగా చూపిందన్నమాట. వృత్తి ఆదాయానికి ఐటీఆర్-1 అనే రిటర్న్ ఫారం పనికిరాదు, ఐటీఆర్-3 గానీ ఐటీఆర్-4 గానీ వేయాలి. ఈ ఒక్క విషయంలో ఆడిటర్‌కు చూపించుకోండి. తప్పు ఫారం వేస్తే లోపం ఉందని నోటీసు వస్తుంది.

మన పిల్లలకు అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాన్‌లో పూర్తిగా, బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు చివర ఉంటుంది. అలాంటప్పుడు పోర్టల్‌లో బ్యాంకు ఖాతా వ్యాలిడేట్ కాదు, రిఫండ్ ఆగిపోతుంది. కాబట్టి రిటర్న్ వేయకముందే మూడూ పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఉంటే బ్యాంకులోనో ఆధార్ కేంద్రంలోనో దిద్దించండి.

జూలై 31 లోపు వేసేయండి. తప్పిపోయినా డిసెంబరు 31 దాకా వేయొచ్చు, ఈ ఆదాయానికి ఆలస్య రుసుము కూడా పడదు. వేశాక 30 రోజుల్లోపు ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై (రిటర్న్ మీదేనని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించడం) చేయకపోతే, వెరిఫై చేసిన రోజే రిటర్న్ వేసినట్టు లెక్కిస్తారు. ఆ ఓటీపీ ఆధార్‌కు లింకైన నంబరుకే వస్తుంది. అది మీ పాత నంబరే అయితే ఇప్పుడే మార్పించండి.