అప్పు తీర్చేస్తే ఆయన బెట్టింగ్ మానేస్తారా?

ప్రశ్న: మా ఆయనకు 36 ఏళ్ళు. కరోనా అప్పుడు ఫోన్‌లో రమ్మీ మొదలుపెట్టారు, తర్వాత క్రికెట్ బెట్టింగ్‌లోకి దిగారు. రెండేళ్ళ కింద అప్పు బయటపడితే మా నాన్న 6 లక్షలు కట్టారు. యాదగిరిగుట్టకు తీసుకెళ్ళి ఒట్టు వేయించాం. ఆరు నెలలు బాగానే ఉన్నారు. ఇప్పుడు లోన్ యాప్‌లతో కలిపి 11 లక్షలని తేలింది. "పొలం అమ్మి కట్టండి, ఇకమీదట సరదాకు రెండొందలకు మించి ఆడను" అంటున్నారు. ఇది జబ్బా, బుద్ధి లేకనా? మందులున్నాయా? ఆయన నాలుగు రోజులుగా నిద్రపోవట్లేదు. "నేను లేకపోతే మీరు హాయిగా ఉంటారు" అంటున్నారు.
– ఒక సోదరి, నల్గొండ

జవాబు: అమ్మా, అప్పు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీరు చివర్లో రాసిన మాట. దాన్ని బాధలో అన్న మాట అనుకుని వదిలేయకండి. జూదానికి బానిసలైనవాళ్ళలో ఆత్మహత్య ఆలోచనలు చాలా ఎక్కువ. అప్పు ఇంట్లో తెలిసిపోయిన తర్వాతి రోజులు మరీ ప్రమాదం. ఈ పూటే పక్కన కూర్చుని "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. మనసులోది చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. ఇంట్లో పురుగుల మందు, నిద్రమాత్రలు ఉంటే ఈరోజే బయటికి పంపేయండి. ఆయన్ను ఒంటరిగా ఉంచకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. "అవును, అనిపిస్తోంది" అంటే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ఇది జబ్బే. ఒకప్పుడు దీన్ని మనసును అదుపు చేసుకోలేని అలవాట్ల కింద లెక్కేసేవారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ దీన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల పక్కన చేర్చింది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా కూడా దీన్ని వ్యసనంగానే చూస్తోంది. ఎప్పుడు గెలుస్తామో తెలియకపోవడమే మెదడును పట్టి ఉంచుతుంది. ఒక్క బంతి తేడాతో పందెం పోయినప్పుడు మెదడు దాన్ని ఓటమిగా తీసుకోదు, "దాదాపు గెలిచేశాను" అనుకుంటుంది. ఆ రాత్రే ఇంకో పందెం కాస్తారు. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని పెద్దలంటారు. కింద పడిన ఉంగరానికి ఆ మాట సరిపోతుంది. బెట్టింగ్‌లో పోయిన డబ్బును అక్కడే వెతికినవాళ్ళే నా దగ్గరికి ఎక్కువగా వస్తుంటారు.

ఇది చదువుతున్న మిగతావాళ్ళు కూడా తమను తాము రెండు ప్రశ్నలు వేసుకోవచ్చు. ఎంత పోయిందో ఇంట్లో అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? పందెం మొత్తం పెంచుకుంటూ పోవాలనిపించిందా? ఒక్కదానికి అవునన్నా డాక్టరుకు చూపించుకోవాలి. అరుదుగా పార్కిన్సన్స్‌కు (చేతులు వణికే జబ్బుకు) వాడే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందుల వల్ల కూడా జూదం పిచ్చి పట్టుకుంటుంది. పెద్దవాళ్ళలో ఉన్నట్టుండి ఈ అలవాటు కనబడితే వాడుతున్న మందులు డాక్టరుకు చెప్పండి, సొంతంగా ఆపేయకండి.

రెండొందల మాటకొస్తాను. పండక్కి చుట్టాలంతా చేరి చింతపిక్కలు పెట్టుకుని పేకాడుకోవడం వేరు. మీ ఆయన ఆ గీత ఎప్పుడో దాటిపోయారు. ఆయనకు రెండొందలు కూడా వద్దు, యాభై కూడా వద్దు. చట్టం కూడా ఇందుకు ఒప్పుకోదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి నిషేధం ఉంది. 2025లో కేంద్రం దేశమంతటా నిషేధిస్తూ చట్టం తెచ్చింది. అయినా లింకులు వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో వస్తూనే ఉన్నాయి కాబట్టి ఒక్క చట్టం మీదే ఆధారపడకండి.

పొలం మాత్రం ఇప్పుడు అమ్మకండి. ఇది కఠినంగా అనిపిస్తుందని తెలుసు. కానీ మీ నాన్నగారు 6 లక్షలు కట్టారు, ఏమైంది? పోగొట్టుకున్నదంతా ధృతరాష్ట్రుడు తిరిగి ఇచ్చేసినా, పిలవగానే ధర్మరాజు మళ్ళీ పాచికల ముందు కూర్చున్నాడు. జబ్బుకు వైద్యం చేయకుండా అప్పు ఒక్కటే తీరిస్తే కొత్త అప్పుకు చోటు ఖాళీ అవుతుంది. ముందు ఆయన చేతనే అప్పులన్నీ ఒక కాగితం మీద రాయించండి. ఒక్కటీ దాచకూడదు. బ్యాంకువాళ్ళతో మాట్లాడి వాయిదాలు సర్దుబాటు చేసుకోండి. కట్టేదేదైనా నేరుగా అప్పిచ్చినవాళ్ళకే కట్టండి, ఆయన చేతికి ఇవ్వకండి. జీతం పడే ఖాతాను ఆయన ఒప్పుకోలుతోనే కొన్నాళ్ళు మీరు చూసుకోండి. ఆయన ఫోన్‌లో యూపీఐ తీసేయించండి. రోజుకు కావలసింది చేతికివ్వండి. లోన్ యాప్‌వాళ్ళు ఫొటోలు మార్ఫింగ్ చేస్తామని బెదిరిస్తే డబ్బు పంపకుండా సైబర్ క్రైమ్ నంబర్ 1930కి చెప్పండి.

మందుల విషయం. జూదానికే ప్రత్యేకమైన మాత్ర లేదు. మద్యం మానడానికి వాడే నాల్‌ట్రెక్సోన్ కొందరిలో ఆడాలన్న ఆరాటాన్ని తగ్గిస్తుంది. లివర్ పరీక్ష చేశాకే డాక్టరు రాస్తారు. డిప్రెషన్ ఉంటే దానికి వేరే మందులుంటాయి. కానీ అసలు పని చేసేది కౌన్సెలింగ్, అందులోనూ ఆలోచనల్ని, అలవాట్లను మార్చే సీబీటీ చికిత్స. కొన్ని నెలలు పడుతుంది. మధ్యలో ఒకసారి జారినా చికిత్స వృథా అయిందని అనుకోవద్దు, దాచకుండా చెప్పమనండి. ఒట్టు వేయించడం వల్ల వచ్చిన నష్టం అదే. ఒకసారి తప్పాక దేవుడి ముందు తప్పు చేశానన్న సిగ్గుతో అంతా దాచేస్తారు.

మీకు దగ్గర్లో ఉన్న పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి సైకియాట్రీ ఓపీకి వెళ్ళండి, లేదా హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉంది. అక్కడ చెప్పినవి బయటికి పొక్కవు. వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది. అప్పుల కాగితం, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ వెంట తీసుకెళ్ళండి. ఆయన రానంటే మొదటిసారి మీరొక్కరే వెళ్ళి డాక్టరుతో మాట్లాడండి. వెళ్ళినప్పుడు మీ నిద్ర గురించి, మీ టెన్షన్ గురించి కూడా చెప్పండమ్మా.