క్రిస్మస్ రోజు లండన్‌లో ట్యూబ్ (మెట్రో రైలు) లేదు, బస్సు లేదు. మరి ఏం చూడాలి?

తూర్పు లండన్‌లోని వైట్‌చాపెల్‌లో ఉంటున్నాను, క్రిస్మస్ రోజు ట్యూబ్, బస్సులు ఉండవట, రోజంతా గదిలోనే కూర్చోవాలా అని ఒకరు అడిగారు. కూర్చోవద్దు, నడవండి. నేను చదువుకోవడానికి వచ్చిన మొదటి ఏడాది ఆ చుట్టుపక్కలే ఉండేవాణ్ణి. రూమ్మేట్లంతా బంధువుల ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఆ రోజు ఒక్కణ్ణే నడిచి చూసిన లండన్ నాకు మళ్ళీ ఎప్పుడూ కనిపించలేదు.

ఏడింటికి చీకట్లోనే బయల్దేరండి. తెల్లారేసరికి ఎనిమిదవుతుంది. ఆల్డ్‌గేట్, సెయింట్ పాల్స్ కెథడ్రల్, ఫ్లీట్ స్ట్రీట్, స్ట్రాండ్, ట్రఫాల్గర్ స్క్వేర్, పికడిలీ మీదుగా హైడ్ పార్క్ దాకా ఏడెనిమిది కిలోమీటర్లు, ఇంచుమించు తిన్నగా పోయే దారి. మామూలు రోజుల్లో భుజాలు రాసుకుంటూ నడిచే స్ట్రాండ్‌లో ఆ పొద్దున నా బూట్ల చప్పుడు నాకే వినిపించింది.

తొమ్మిదికల్లా పార్కులోని సర్పెంటైన్ చెరువు దక్షిణపు గట్టుకు చేరుకోండి. 1864 నుంచి అక్కడి ఈత క్లబ్బువాళ్ళు క్రిస్మస్ పొద్దున పోటీ పెట్టుకుంటున్నారు. దూరం వంద గజాలే, గెలిచినవాళ్ళకు పీటర్ పాన్ కప్పు. సభ్యులు మాత్రమే ఈదుతారు, చూడటానికి ఎవరైనా వెళ్ళొచ్చు. రెండు స్వెటర్లు వేసుకుని నేను వణుకుతుంటే, మా తాత వయసువాళ్ళు నవ్వుతూ ఆ మంచునీళ్ళలోకి దూకారు. పక్కన నిలబడిన పెద్దావిడ డబ్బా తెరిచి నాకో మిన్స్ పై ఇచ్చారు. పేరులో మిన్స్ (కైమా) అని ఉన్నా ఈ క్రిస్మస్ తీపి వంటకంలో మాంసం ఉండదు, ఎండుద్రాక్ష, మసాలా ఉంటాయి. అయితే కొన్నింటిలో గొడ్డు కొవ్వు వేస్తారు, తినకపోతే ముందే అడగండి.

మధ్యాహ్నం తిండి కాస్త కష్టం. పెద్ద షాపులు ఆ రోజు తెరవకూడదని 2004లో చట్టమే చేశారు. నాకు ఎడ్జ్‌వేర్ రోడ్డులో అరబ్బుల హోటల్ ఒకటి తెరిచి కనిపించింది. అయినా డబ్బాలో పులిహోర పెట్టుకోండి. టాయిలెట్ల ఇబ్బంది కూడా ఉంటుంది, తెరిచి ఉన్నది కనిపించినప్పుడే వాడుకోండి.

నాలుగింటికే పొద్దు గూకుతుంది. అప్పటికి రీజెంట్ స్ట్రీట్‌లో ఉంటే, నెత్తిన రెక్కలు చాచిన దీపాల దేవదూతల కింద ఖాళీ రోడ్డులో నడవొచ్చు. అక్కడి నుంచి మళ్ళీ ట్రఫాల్గర్ స్క్వేర్‌కు రండి. అక్కడ నిలబెట్టే స్ప్రూస్ క్రిస్మస్ చెట్టును 1947 నుంచి ఏటా ఓస్లో నగరం పంపుతోంది. రెండో ప్రపంచ యుద్ధంలో నార్వే జర్మన్ల చేతికి చిక్కినప్పుడు ఆ దేశపు రాజు హాకన్ లండన్‌లోనే తలదాచుకున్నాడు. ఆ సాయానికి కృతజ్ఞత ఇది. దీపాలను చుట్టూ చుట్టకుండా నార్వే పద్ధతిలో నిలువుగా వేలాడదీస్తారు. చెట్టు బక్కచిక్కి ఉందని ఇక్కడివాళ్ళు విసుక్కోవడం వింటారు. నాకు మాత్రం ఊరంతటిలో అదే ఇష్టం. దాని కింద అరగంట నిలబడి అమ్మకు వీడియో కాల్ చేశాను.

చలికి ఫోన్ చార్జింగ్ త్వరగా దిగిపోతుంది, పవర్ బ్యాంక్ మరిచిపోకండి. తిరిగి వెళ్ళడానికి మరో గంట నడక. కాళ్ళు మొరాయిస్తే వీధుల్లో అద్దె సైకిళ్ళు ఆ రోజు కూడా దొరుకుతాయి.