నయాగరాకు బయలుదేరే ముందు పాస్‌పోర్టు తెరిచి చూడండి

వేసవి వచ్చిందంటే కొత్తగా అమెరికా వచ్చినవారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే ఉంటుంది. "అమ్మానాన్నలు వచ్చారండీ, నయాగరా చూపించాలి, కెనడా వైపు నుంచి బాగుంటుందా, అమెరికా వైపు నుంచి బాగుంటుందా?" అని అడుగుతారు. ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడే ఉండి, వచ్చిన చుట్టాలందరినీ వెంటబెట్టుకుని ఆ జలపాతానికి ఎన్నోసార్లు వెళ్లివచ్చిన అనుభవంతో నేను వేసే ఎదురు ప్రశ్న కూడా ఒకటే: మీ ఇంట్లో ఎవరి పాస్‌పోర్టులో ఏముంది? ఏ వైపు నుంచి చూడాలో చాలావరకు ఆ జవాబే తేలుస్తుంది.

ఈరీ సరస్సు నుంచి ఒంటారియో సరస్సుకు పారే నయాగరా నది పొడవు సుమారు 58 కిలోమీటర్లు. ఆ నది మధ్యలోనే రెండు దేశాల సరిహద్దు సాగుతుంది. మనం ఒక్క పేరుతో పిలిచేది నిజానికి మూడు జలపాతాలు. అమెరికన్ ఫాల్స్, దాని పక్కనే సన్నని బ్రైడల్ వెయిల్ ఫాల్స్ పూర్తిగా అమెరికాలో ఉన్నాయి. గుర్రపు నాడా ఆకారంలో ఉండే అతి పెద్దదైన హార్స్‌షూ ఫాల్స్‌లో ఎక్కువ భాగం కెనడాది. అందుకే ఎదురుగా నిలబడి మూడింటినీ ఒకే చూపులో చూడాలంటే కెనడా ఒడ్డుకు వెళ్లవలసి వస్తుంది.

అక్కడికి వెళ్లడానికి భారత పాస్‌పోర్టు ఉన్నవారికి అమెరికా వీసా ఒక్కటే సరిపోదు. హెచ్-1బీ (ఉద్యోగి), హెచ్-4 (ఆ ఉద్యోగి కుటుంబం), ఎఫ్-1 (విద్యార్థి), బి-2 (సందర్శకులు), ఏ హోదాలో ఉన్నా కెనడా సందర్శక వీసా విడిగా తీసుకోవాలి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఆ వీసా అవసరం లేదు. అయితే 2022 ఏప్రిల్ నుంచి వారు గ్రీన్‌కార్డుతో పాటు చెల్లుబాటులో ఉన్న తమ దేశపు పాస్‌పోర్టును కూడా చూపించాలి. కార్డు ఉంది కదా అని గడువు తీరిన భారత పాస్‌పోర్టును సొరుగులో పడేసినవారు ఈ సంగతి గమనించాలి.

తల్లిదండ్రుల విషయంలో నా సలహా స్పష్టం. వారు హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నప్పుడే, విమానం టికెట్లు కొనక ముందే, కెనడా వీసాకు దరఖాస్తు చేయించండి. ఇక్కడికి వచ్చాక కూడా దరఖాస్తు చేయవచ్చు, వేలిముద్రలు కూడా ఇక్కడే ఇవ్వవచ్చు. కానీ వీసా ముద్ర కోసం పాస్‌పోర్టును పంపి, అది తిరిగి వచ్చేదాకా పెద్దవాళ్లు ఇంట్లో కూర్చోవలసి వస్తుంది. ఇంకొక అపోహ కూడా తరచుగా వింటుంటాను. కెనడాలో ఒక పూట గడిపి వస్తే, సందర్శకులు అమెరికాలో ఉండటానికి ఇచ్చిన ఆరు నెలల గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుందని కొందరు అనుకుంటారు. ఆ ఆశతో తిరుగు ప్రయాణం టికెట్టు వెనక్కి జరపవద్దు.

ఇక అందరినీ ఎక్కువగా భయపెట్టేది పాస్‌పోర్టులో అమెరికా వీసా ముద్రకు గడువు తీరిపోవడం. దీనికి చట్టంలోనే ఒక వెసులుబాటు ఉంది, దానిని ఆటోమేటిక్ వీసా రీవ్యాలిడేషన్ అంటారు. ఐ-94 (ఏ హోదాలో, ఎప్పటిదాకా ఉండవచ్చో తెలిపే ప్రవేశ పత్రం) చెల్లుబాటులో ఉండి, కెనడాకు మాత్రమే వెళ్లి 30 రోజులలోపు తిరిగి వచ్చేవారిని ముద్ర గడువు తీరినా అదే హోదాలో లోపలికి రానిస్తారు. ఎఫ్-1 మీద వచ్చి ఇక్కడే హెచ్-1బీకి మారినవారికి కూడా, ఐ-797 అనే ఆమోద పత్రం మీద వచ్చిన కొత్త ఐ-94తో, ఈ వెసులుబాటు వర్తిస్తుంది. విద్యార్థులైతే తమ విద్యాసంస్థ ఇచ్చిన ఐ-20 పత్రం మీద ఇటీవలి ప్రయాణ సంతకం ఉండాలి. కానీ ఇందులో ఒక ముఖ్యమైన మెలిక ఉంది. ఎలాగూ వెళ్తున్నాం కదా, అక్కడి అమెరికా కాన్సులేటులో కొత్త వీసా ముద్ర (స్టాంపింగ్) కూడా వేయించుకుందామని దరఖాస్తు పెట్టిన మరుక్షణం ఈ వెసులుబాటు పోతుంది. వీసా చేతికి వచ్చేదాకా కెనడాలోనే ఉండిపోవలసి వస్తుంది. హోదా మార్పు దరఖాస్తు పెండింగులో ఉన్నవారు దేశం దాటితే ఆ దరఖాస్తును వదులుకున్నట్లే లెక్క కాబట్టి, అటువంటివారు కెనడాకు దాటించే వంతెన జోలికి పోకుండా ముందు న్యాయవాదిని అడగడం మంచిది.

ఇక్కడే పుట్టిన పిల్లలతో ఇబ్బంది తక్కువ. పదహారేళ్లలోపు అమెరికా పౌరులు రోడ్డు మార్గంలో జనన ధ్రువపత్రంతో తిరిగి రావచ్చు, అయినా పాస్‌పోర్టు ఉంటే మాటలు తగ్గుతాయి. పిల్లలు తల్లిదండ్రుల్లో ఒక్కరితోనే వెళ్తున్నా, తాతయ్య నాయనమ్మలతో వెళ్తున్నా, రానివారి నుంచి నోటరీ చేయించిన సమ్మతి పత్రం తప్పక దగ్గర ఉంచుకోవాలి.

ఇంత చదివాక "అయితే మాకు కెనడా యోగం లేదు" అని నిట్టూర్చేవారికి చెబుతున్నాను, అమెరికా వైపును తక్కువగా చూడకండి. ఎదురు నుంచి చూడటం కెనడా భాగ్యమైతే, నీళ్లను తాకేంత దగ్గరకు వెళ్లడం అమెరికా వైపు భాగ్యం. 1885లో ఏర్పడిన నయాగరా ఫాల్స్ స్టేట్ పార్కు ఈ దేశంలోని రాష్ట్ర పార్కులన్నింటిలోకీ పాతది. లోపలికి ప్రవేశం ఉచితం, కారు నిలపడానికి మాత్రం డబ్బు కట్టాలి. గోట్ ఐలాండ్‌లోని టెరపిన్ పాయింట్ దగ్గర కటకటాలు పట్టుకుని నిలబడితే, హార్స్‌షూ అంచు మీద నీరు ఆకుపచ్చని గాజులా వంగి కిందికి జారడం చేయి చాస్తే అందుతుందా అన్నంత దగ్గరగా కనబడుతుంది. మా మామగారు ఎత్తిపోతల దగ్గరా కుంటాల దగ్గరా గంటల తరబడి నిలబడిన మనిషి. ఇక్కడ మాత్రం పావుగంట సేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

పెద్దవాళ్ల మోకాళ్లను బట్టి ఏది చూపించాలో ఎంచుకోండి. 1846 నుంచి నడుస్తున్న మెయిడ్ ఆఫ్ ది మిస్ట్ పడవ దగ్గరకు లిఫ్టులో దిగవచ్చు కాబట్టి అది అందరికీ అనువుగా ఉంటుంది. కేవ్ ఆఫ్ ది విండ్స్ అలా కాదు. లిఫ్టు దిగాక చెక్కమెట్లు ఎక్కుతూ బ్రైడల్ వెయిల్ పాదం దాకా వెళ్లాలి, మెట్లు తడిగా ఉంటాయి, పైన హరికేన్ డెక్ మీద నీటి దెబ్బకు మనిషి తూలుతాడు. అది యువకులకు వదిలేసి, పెద్దవాళ్లను త్రీ సిస్టర్స్ దీవుల చెట్ల నీడలో కూర్చోబెట్టండి. చీర కట్టుకున్నవారికి ఇచ్చే పల్చటి రెయిన్‌కోటు మోకాళ్ల దాకానే వస్తుంది, కింది అంచు తడవక మానదు.

మేము చేసిన పొరపాటు కూడా చెప్పాలి. ఒకసారి అత్తమామలతో వెళ్లినప్పుడు, ఫోను చూపిన దారిని గుడ్డిగా నమ్మి, పార్కింగుకు వెళ్లవలసిన మలుపు తప్పి, కెనడాకు దాటించే రెయిన్‌బో వంతెన వరుసలోకి వెళ్లిపోయాను. ఒకసారి ఆ వరుసలో పడ్డాక వెనక్కి తిరగడానికి చోటు ఉండదు. వాళ్లకు కెనడా వీసా లేదు, పైగా పాస్‌పోర్టులు హోటల్ గదిలో ఉన్నాయి. అవతలి అధికారులు మర్యాదగానే వెనక్కి పంపారు. ఇవతలికి వచ్చాక మాత్రం మేమెవరమో నిరూపించుకోవడానికి రెండు గంటలు పట్టింది. అందుకే కెనడా వెళ్లే ఉద్దేశం లేకపోయినా అందరి పాస్‌పోర్టులు, ఐ-94 ప్రతులు వెంట ఉంచుకోండి. అసలు పద్దెనిమిదేళ్లు నిండిన విదేశీయులు తమ నమోదు పత్రాలను ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలన్నది ఇక్కడి చట్టమే.

వీసా ఉన్నవారు కారును అమెరికా వైపే వదిలి, 1941లో తెరిచిన ఆ వంతెన మీదుగా నడిచి వెళ్లడం ఉత్తమమని నా అభిప్రాయం. పది నిమిషాల నడక, మధ్యలో రెండు దేశాల మధ్య గీత దగ్గర ఫొటో దిగవచ్చు, అద్దె కారును దేశం దాటించవచ్చా లేదా అన్న బెంగ ఉండదు. తిరిగి వచ్చేటప్పుడు నడిచేవారి దగ్గర కూడా చిన్న టోలు తీసుకుంటారు, చిల్లర నాణేలు జేబులో ఉంచుకోండి. వేళ విషయంలో సూర్యుడిని లెక్కలోకి తీసుకుంటే మేలు. ఉదయం అమెరికా ఒడ్డున, మధ్యాహ్నం తరువాత కెనడా ఒడ్డున ఉంటే ఎండ మీ వెనుక నుంచి పడి తుంపరలో ఇంద్రధనుస్సు కనిపిస్తుంది. రాత్రి రంగు దీపాల వెలుగు కూడా కెనడా ఒడ్డు నుంచే నిండుగా ఉంటుంది.

సాగర్ గేట్లు ఎత్తారని తెలియగానే బండ్లు కట్టుకుని వెళ్లే మనకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. నయాగరా నీరు కూడా గేట్ల అదుపులోనే ఉంది. రెండు దేశాలూ విద్యుత్తు కోసం నీటిని పైనే మళ్లించుకుంటాయి. 1950 నాటి ఒప్పందం ప్రకారం, పర్యాటక కాలంలో పగటి వేళ సెకనుకు కనీసం 1,00,000 ఘనపుటడుగుల నీటిని జలపాతానికి వదలాలి, మిగతా సమయాల్లో అందులో సగం వదిలితే చాలు. ఆ పర్యాటక కాలం ఏప్రిల్ 1న మొదలై అక్టోబరు 31న ముగుస్తుంది, పగలంటే ఉదయం 8 గంటల నుంచి లెక్క. కాబట్టి పూర్తి ఉరవడిని చూడాలనుకునేవారు తెల్లవారుజామున పరుగెత్తనక్కరలేదు, కాఫీ తాగే వెళ్లవచ్చు. చలికాలంలో పడవలు నడవవు. మంచు దృశ్యం అద్భుతమే గానీ, మొదటిసారి వచ్చిన పెద్దవాళ్లకు ఆ చలి శిక్ష.

న్యూజెర్సీ నుంచి కారులో ఆరేడు గంటల ప్రయాణం కాబట్టి పులిహోర, పెరుగన్నం కట్టుకునే వెళ్తాం. అమెరికాలోనే తిరిగితే ఎవరూ అడగరు. సరిహద్దు దాటేటట్లయితే మాత్రం పండ్లు, మాంసం పచ్చళ్లు ఇవతలే వదిలేయండి. ఆహారం ఉందా అని అధికారి అడిగితే ఉన్నది ఉన్నట్లు చెప్పండి. దాచి దొరికిపోవడం కంటే ఒక డబ్బా పారేయడం నయం. అత్తయ్యగారి సంచిలో ఏముందో మీకు తెలుసనుకోకుండా ముందే అడిగి తెలుసుకోండి. అమెరికా ఒడ్డునే ఉన్నా ఫోను కెనడా టవరును పట్టుకుంటుంది, రోమింగు ఆపేయండి. తల్లిదండ్రుల సందర్శకుల బీమా కెనడాలో వర్తిస్తుందో లేదో ఒకసారి అడగండి.

జూలై 1 కెనడాకు, జూలై 4 అమెరికాకు పండుగలు. ఆ వారంలో వంతెన మీద బారులు తీరతాయి కాబట్టి వీలైతే జూన్ మధ్యలోనో, సెప్టెంబరు మొదటి సోమవారపు సెలవు దాటాక ఏదైనా పనిదినం నాడో వెళ్లండి. కెనడా వెళ్లివచ్చినవారు ఇల్లు చేరిన రాత్రే వెబ్‌సైటులో తమ ఐ-94 తెరిచి, అందులోని తేదీ, హోదా సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.