చిన్నీకి పెద్దమ్మ రాసేది

చిన్నీకి ఆశీస్సులు.

పాత ప్రెస్డ్ గ్లాసు, అదే, అచ్చులో నొక్కి చేసిన గాజు సామాను కొని అమ్ముతావటగా! మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగానే ఉంది కానీ, రాత్రంతా నిద్ర లేదు. మసాచుసెట్స్‌లో ముప్పై ఏళ్లుగా ఈ పిచ్చిలోనే ఉన్నదాన్ని కదా.

కొనేముందు అంచు చుట్టూ వేలు తిప్పు, పెచ్చు ఊడితే తెలుస్తుంది. అచ్చు అతుకు గీత కనబడితే, చేత్తో చెక్కిన గాజన్న మాట నమ్మకు. గ్లాసునైతే గోటితో మీటు. సీసం కలిపిన గాజు గంటలా మోగుతుంది. 1864లో అమెరికాలోని వీలింగ్ ఊళ్లో విలియం లైటన్ అనే గాజు నిపుణుడు సోడా, సున్నంతో చవక గాజు కుదిర్చాక వచ్చినవి టక్కుమని ఊరుకుంటాయి. డిష్‌వాషర్‌లో పెట్టావంటే నేనే వచ్చి తిడతాను. గాజు పాలవిరుగుడులా మసకబారిందంటే ఇక పోదు.

ఇప్పుడు నా వెధవపని. శాండ్‌విచ్ ఊళ్లో 1825లో డెమింగ్ జార్వ్స్ పెట్టిన ఫ్యాక్టరీ తరహా కప్పు పళ్లెం ఒకటి కొన్నాను, అరచేతిలో పట్టేంత. అప్పట్లో వాళ్లూ మీ తాతయ్యలాగే టీ సాసర్లో పోసుకుని తాగేవాళ్లు. ఖాళీ కప్పు బల్లకు మరక చెయ్యకుండా ఈ పళ్లెంలో పెట్టేవాళ్లు. తాతయ్య గుర్తొచ్చి బేరం కూడా ఆడలేదు.

దాని మీదంతా ఆవగింజకన్నా సన్నటి చుక్కలు. కరిగిన గాజును కత్తెరతో తుంచి ఇనుప అచ్చులో వేసి, మీట లాగి పైనుంచి దిమ్మెతో నొక్కేవారు. గాజు ఎక్కువైతే అడుగు మందమయ్యేది, తక్కువైతే అంచు నిండేది కాదు. అచ్చు చల్లగా ఉంటే ముడతలు పడేవి. ఆ ముడతల్నీ కత్తెర గాటునీ చుక్కలు దాచేసేవి. ఎంత తెలివో చూడు!

జనవరి, గడ్డకట్టే చలి. రాత్రంతా అది కారు డిక్కీలో ఉంది. పొద్దున్నే దుమ్ము కడుగుదామని నేరుగా వేడినీళ్ల కుళాయి కింద పెట్టాను. టిక్. అంతే, నా చేతిలో రెండు చెక్కలు. పైభాగం వేడికి సాగింది, లోపల ఇంకా చల్లగానే ఉంది మరి. మీ పెదనాన్నకి కూడా మూడు నెలలు చెప్పలేదు.

అందుకే తల్లీ, ఏది తెచ్చినా ఇంట్లో ఒక పూట ఊరికే ఉంచు. తర్వాత గోరువెచ్చని నీళ్లు, టబ్బు అడుగున తువ్వాలు.

ఆ చెక్కలు దాచే ఉంచాను, వస్తే చూపిస్తాను. నీ మొదటి గిన్నె నాకు చూపించకుండా అమ్మెయ్యకు. డిక్కీలో పెట్టకు, ఒళ్లో పెట్టుకుని తీసుకురా, కారు వేరేవాళ్లు నడుపుతారు.

పెద్దమ్మ